లాడ్జి మిద్దె మీద గ్యాస్ వాటర్ హీటర్: మూడు చలికాలాలు వాడాక

మిషన్‌కు అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. దాన్ని మొదట బిగించి వెళ్లిన తీరుకు ఒకటి కూడా ఎక్కువే. లాడ్జీలు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు నడిపేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఏ కంపెనీ బాగుంటుంది సార్?" ఓ మాదిరి మంచి కంపెనీ అయితే చాలు, లోపల ఉండే సరుకు ఇంచుమించు ఒకటే. మంట వేడిని నీళ్లకు ఎక్కించే రాగి హీట్ ఎక్స్ఛేంజర్, బర్నర్, పొగను తోసే ఫ్యాన్, వీటిని నడిపే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుంది, పొగ ఎక్కడికి పోతుంది, ఎర్త్ ఉందా లేదా అన్న దగ్గరే తేడా అంతా. అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

మాది అనంతపురంలో బస్టాండుకు దగ్గర్లో ఇరవై రూముల లాడ్జి. రాత్రి బస్సులు దిగేవాళ్లు, పెళ్లిళ్లకు వచ్చేవాళ్లు, యూనివర్సిటీ పనుల మీద పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే అమ్మానాన్నలు మా గిరాకీ. తెల్లవారుజామున తాళం చేతికిస్తుంటే వాళ్లు అడిగే మొదటి మాట, "ఉడుకు నీళ్లు వస్తాయా అన్నా?" ఇంతకుముందు సోలార్ ఒక్కటే ఉండేది. మా ఊళ్లో ఎండకు కరువు లేదు గానీ, ఆ నీళ్లు రాత్రి స్నానాలకే ఖర్చయిపోయేవి. రూముకో గీజర్ పెడదామంటే ఒక్కోటి 2 కిలోవాట్లు, ఇరవై ఒకేసారి వేస్తే 40 కిలోవాట్లు. ఆ లోడు తీసుకుని ప్రతి నెలా దానికి కట్టడం మా వల్ల కాదు.

ఇప్పుడున్నది నిమిషానికి 16 లీటర్ల హీటర్ ఒకటి, 500 లీటర్ల ఇన్సులేషన్ ట్యాంకు ఒకటి, మధ్యలో చిన్న సర్క్యులేషన్ పంపు. 16 లీటర్లంటే, వచ్చిన నీళ్లను 25 డిగ్రీలు పెంచితే వచ్చే లెక్క. హీటర్ నుంచి నేరుగా రూములకు ఇవ్వలేదు. మిద్దె మీద ఓవర్‌హెడ్ ట్యాంకు కిందే హీటర్ పెడితే రెండు మీటర్ల ఎత్తుకు 0.2 బార్ ప్రెషర్ కూడా దాటదు, చాలాసార్లు మంట అంటుకోనే అంటుకోదు. పంపు పెట్టి ట్యాంకు నీళ్లనే తిప్పి కాచుకుంటే ఆ బాధ లేదు. నాలుగింటికి ఆన్ చేస్తే 22 డిగ్రీల నీళ్లు ముప్పావు గంటలోపే 50కి వస్తాయి.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది కరెంటు. విచిత్రమే, ఎందుకంటే మంట గ్యాస్‌ది. ఫ్యాన్, బోర్డు, స్పార్క్ కలిపినా 100 వాట్లు లేవు. ఎలక్ట్రీషియన్‌కు కూడా అదే ధీమా. "గ్యాస్‌ది కదా సార్, దీనికి లైను ఎందుకు?" అని పక్కనున్న మోటారు బోర్డు నుంచే ఒక వైరు లాగి ప్లగ్గు పెట్టేశాడు. కరెంటు ఉన్నంతసేపూ బాగానే నడిచింది. కరెంటు పోయి జనరేటర్ మీదికి రాగానే స్పార్క్ వస్తుంది, మంట అంటుకుంటుంది, మూడు నాలుగు సెకన్లకు టప్పున ఆరిపోతుంది. మళ్లీ స్పార్క్, మళ్లీ ఆరడం. ఆఖరికి ఎర్ర లైటు వెలిగి లాక్ అయిపోతుంది. సర్వీసు వాళ్లు వచ్చి బోర్డు మార్చారు, డబ్బులు తీసుకున్నారు. అదే జబ్బు. గ్యాస్ వాల్వ్ మారుద్దామన్నారు.

దాన్ని పట్టుకున్నది వాళ్లు కాదు, మా జనరేటర్ రిపేరుకు వచ్చే పెద్దాయన. మల్టీమీటర్ తీసి ప్లగ్గులో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య పెట్టి చూశాడు. మామూలు కరెంటు మీద ఒకటి రెండు వోల్టులు. జనరేటర్ మీద తొంభైకి పైన! "న్యూట్రల్ గాల్లో ఉంది సార్, దీన్ని ఎర్త్ చెయ్యలా" అన్నాడు. అంటే జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్ గుంతకు కలపకుండానే వదిలేశారు.

మంటకు, ఎర్త్‌కు సంబంధం ఏమిటంటే, బర్నర్ దగ్గర మంటలో మునిగేలా ఒక సన్నని కడ్డీ ఉంటుంది. బోర్డు దానికి కొంచెం ఏసీ వోల్టేజీ ఇస్తుంది. మంట ఉంటే ఆ మంటలోంచే మైక్రో ఆంపియర్ల కరెంటు బర్నర్ బాడీకి పోయి, అక్కణ్ణుంచి ఎర్త్ దారిలో తిరిగి వస్తుంది, అదీ ఒక వైపుకే. అది కనిపిస్తేనే మంట ఉన్నట్టు లెక్క. ఎర్త్ లేకపోయినా, న్యూట్రల్ ఎటో తేలుతున్నా, కొన్ని మోడళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా ఆ కరెంటు కనిపించదు. మంట లేదనుకుని బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. అలా కట్టెయ్యకపోతే మంట లేకుండా గ్యాస్ వదులుతూ కూర్చుంటుంది కాబట్టి, మిషన్ చేసింది సరైన పనే.

జనరేటర్‌కు వేరే ఎర్త్ గుంత తీసి న్యూట్రల్‌ను దానికి కలిపాం. హీటర్‌కు మెయిన్ బోర్డు నుంచి ప్రత్యేకంగా లైను, లోడు మించితే పడిపోయే 6 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, షెడ్డు బయట చేతికి అందేలా ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ స్విచ్. ప్లగ్గు తీసేశాం. ప్లగ్గు ఉంటే ఎవడో ఒకడు వైర్లు తారుమారు చేసి బిగిస్తాడు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూస్తాను. నొక్కినప్పుడు పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే.

ఎర్త్ వైరు లాగడానికి బద్ధకించి న్యూట్రల్‌నే హీటర్ బాడీకి కలిపేసే ఎలక్ట్రీషియన్లు మన ఊళ్లలో ఉన్నారు. మా పక్క హోటల్లో నా కళ్లతో చూశాను. "మంట ఆగడం లేదు" అన్న కంప్లయింట్ దాంతో పోతుంది, నిజమే. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఆ బాడీ, దానికి తగిలించిన నీళ్ల పైపులు అన్నీ 230 వోల్టులకు వస్తాయి. అవతలి కొసన షవర్ కింద మనిషి ఉంటాడు. గ్యాస్ పైపునే ఎర్త్‌గా వాడుకోవడం కూడా అంతే ప్రమాదం. ఇంకో సంగతి, మాది వానలు తక్కువ పడే నేల. ఎండాకాలం ఎర్త్ గుంత చుట్టూ మన్ను ఎండిపోతే ఎర్త్ బలం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అందులో నీళ్లు పోయించడం తోటపని లాగా అలవాటు చేసుకున్నాం.

ఇక గ్యాస్. ఫిట్టర్ మొదట సిలిండర్లను సెల్లార్‌లో పెడదామన్నాడు, ఎండ తగలదు, దొంగల భయం లేదని. ఒప్పుకోలేదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, సెల్లార్‌లోకి దిగిందంటే పోయే దారి ఉండదు. నిప్పంటుకోడానికి అక్కడ బండి స్టార్ట్ చేసినా చాలు. ఇప్పుడు లాడ్జి వెనక నేల మీదే, జాలీ బోను వేసి, పైన రేకు కప్పి నిలబెట్టాం. అక్కడికి దగ్గర్లో ఉన్న సంపు మూత, డ్రైనేజీ చాంబర్ చూసుకుని దూరం జరిపాం. బోనులో లైటు లేదు, స్విచ్ లేదు.

అన్నీ 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం చట్టరీత్యా తప్పు, పట్టుకుంటే కేసు. రెండు లైన్లో, రెండు స్టాండ్‌బైలో, మొత్తం 76 కిలోలు. 100 కిలోలు దాటి నిల్వ పెడితే లైసెన్సు కావాలి, ఆ గొడవ మాకు లేదు. మొదట్లో ఫిట్టర్ లైన్లో ఒక్క సిలిండరే ఇచ్చాడు. ఈ హీటర్ పూర్తి మంట మీద గంటకు రెండున్నర కిలోల గ్యాస్ తాగుతుంది. ఒక్క సిలిండర్ నుంచి నిలకడగా వచ్చే ఆవిరి గంటకు కిలో చుట్టుపక్కలే. లోపల ద్రవం ఆవిరవుతూ తన వేడినే లాక్కుంటుంది కాబట్టి సిలిండర్ చల్లబడుతుంది. డిసెంబర్‌లో అడుగు సగం తెల్లగా మంచు కట్టేది, మంట సన్నబడేది, మిషన్ లాక్ అయ్యేది. ఒకరోజు పొద్దున నేను వెళ్లేసరికి మా రూమ్ బాయ్ సిలిండర్‌ను పక్కకు పడుకోబెట్టి, మీద ఉడుకు నీళ్లు పోస్తున్నాడు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి పోతుంది. వాడికి ఆ సలహా ఇచ్చింది ఇంకో హోటల్ వంటమాస్టరట. రెండేసి సిలిండర్లు కలిపాక ఆ బెడద పోయింది.

రెగ్యులేటర్ గురించి కూడా చెప్పాలి. హోటల్ వంట పొయ్యిలకు చేత్తో తిప్పి పెంచుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ వాడతారు. దాన్ని తెచ్చి హీటర్‌కు పెట్టకూడదు. హీటర్‌కు కావలసింది 30 మిల్లీబార్ల చుట్టుపక్కల, అంటే ఇంటి స్టవ్ ప్రెషరే. ఎంత కావాలో మిషన్ పక్కన రేకు మీద రాసే ఉంటుంది. మిద్దె దాకా పైపు వేశాక గ్యాస్ వదలకముందు గాలి నింపి, గేజి ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టి, రాత్రంతా ఉంచి పొద్దున చూడమనండి. తర్వాత జాయింట్లన్నిటికీ సబ్బు నురుగు. అగ్గిపుల్ల గీసి చూస్తానన్నవాణ్ణి అక్కడికక్కడే పంపించెయ్యండి.

గ్యాస్ డిటెక్టర్‌ను ఫిట్టర్ సీలింగ్‌కు కొట్టాడు, స్మోక్ డిటెక్టర్లు బిగించి బిగించి అలవాటైపోయి. గ్యాస్ కిందికి దిగుతుంటే పైనున్నది ఎప్పుడు మోగాలి? నేల నుంచి అడుగు ఎత్తుకు దింపించాను. గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు అలారం వేరే, అది మనిషి ముక్కు ఎత్తులో ఉండాలి.

ఆ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఎల్పీజీకి వాసన కోసం మెర్‌కాప్టన్ కలుపుతారు, కాలిన పొగకు ఆ సదుపాయం లేదు. బాత్రూముల్లో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. లాడ్జీలో ఇంకో ఉచ్చు ఉంది. బాత్రూముల వెంటిలేటర్లన్నీ తెరుచుకునే డక్ట్. హీటర్ అమ్మినాయన పొగగొట్టాన్ని ఆ డక్ట్‌లోకి వదిలేద్దాం, పైపు ఖర్చు కలిసొస్తుందన్నాడు. ఆ పొగ ఇరవై బాత్రూముల్లోకి నేరుగా పోయేది. హీటర్‌ను మిద్దె మీదికి ఎక్కించి, రెండు వైపులా జాలీ ఉన్న షెడ్డు కట్టి, గొట్టం బయటికి తీశాం. గొట్టం బయటి కొస కొంచెం కిందికి వాలి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు, ఆవిరి నీళ్లు వెనక్కి మిషన్‌లోకి వస్తాయి. ఆషాఢ మాసం గాలులకు మాత్రం మొదటి ఏడాది ఫ్యాన్ తట్టుకోలేక ఆగిపోయేది. పడమటి గాలికి ఎదురుగా ఉన్న మూతిని తూర్పుకు తిప్పి టోపీ పెట్టాక సర్దుకుంది.

షెడ్డుకు తాళం వేస్తాను. ఎందుకంటే చలికాలంలో వెచ్చగా ఉంటుందని మా నైట్ వాచ్‌మన్ అందులో మంచం వేసుకున్నాడు. మంట నీలంగా ఉంటే నయం, పసుపు తిరిగితే ఆరోజే ఆపి బర్నర్ శుభ్రం చేయించాలి.

ట్యాంకు మీద ఉండే సేఫ్టీ వాల్వ్ అప్పుడప్పుడు నాలుగు చుక్కలు కారుస్తుంది, దాని పనే అది. ప్లంబర్ ఒకాయన కారుతోందని ఎండ్ క్యాప్ బిగించి, పైగా "సెట్ అయిపోయింది సార్" అని చెప్పి వెళ్లాడు. నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉన్న లైనులో నీళ్లు వేడెక్కి ఉబ్బితే పోయే దారి అదొక్కటే. దాన్ని మూస్తే ట్యాంకు బాంబే. క్యాప్ తీసేసి, ఆ కొసకు పైపు తగిలించి డ్రెయిన్ దాకా దించాం.

మా బోరు నీళ్ల సంగతి అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. కాచిన కొద్దీ సున్నం కడుతుంది, 60 డిగ్రీలు దాటితే మరీ. సాఫ్ట్‌నర్ తప్పనిసరి, వారానికి దానికి ఉప్పు వెయ్యాలి. టీడీఎస్ మీటర్ చూసి మీ నీళ్లు బాగున్నాయనే అమ్మకందారు మాట నమ్మొద్దు, సున్నం కట్టే గుణాన్ని, అంటే గట్టితనాన్ని చూసే టెస్ట్ వేరు. ఏడాదికోసారి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు హీటర్‌లో తిప్పి సున్నం దించుతాం.

ఖర్చు లెక్క ఇలా. కిలో ఎల్పీజీలో దాదాపు 12.8 యూనిట్ల వేడి. 19 కిలోలకు 243. మిషన్ నూటికి 85 వంతులు నీళ్లకు ఇస్తే 206 యూనిట్లు. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు పెంచడానికి అర యూనిట్‌కు కాస్త తక్కువ పడుతుంది. అంటే లెక్కలో సిలిండర్‌కు 440 బకెట్లు. పైపుల్లో చల్లారేది తీసేస్తే మాకు వచ్చేది 350 దగ్గర. కమర్షియల్ సిలిండర్ రేటు నెలనెలా మారుతుంది కాబట్టి, మీ కరెంటు బిల్లులో యూనిట్ రేటును 206తో గుణించి ఆ నెల సిలిండర్ రేటు పక్కన పెట్టి చూసుకోండి. లోడు చార్జీలు కలిపితే మాకు గ్యాసే కలిసొచ్చింది. ఎండాకాలం సోలార్ చాలు, హీటర్ దాదాపు ఖాళీ.

మిషన్‌లో నాకు నచ్చనిది స్పేర్లే. బోర్డు కావాలంటే బెంగళూరు నుంచి రావాలి, అప్పటిదాకా గెస్టులకు సమాధానం చెప్పుకోవాలి. పది రూముల లోపు లాడ్జికి ఇంత హంగామా అక్కర్లేదు, సోలార్‌కు రెండు కరెంటు గీజర్లు తోడు పెట్టుకుంటే సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే కొటేషన్ అడిగేటప్పుడు మిషన్ రేటు ఒక కాగితం మీద, పొగగొట్టం, సిలిండర్లను ఒకే లైనుకు కలిపే మానిఫోల్డ్, ఎర్త్ గుంత, ప్రత్యేక లైను, రెండు అలారాలు ఇంకో కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. రెండో కాగితం రాయడానికి ఎవరు వెనకాడితే వాళ్ల దగ్గర మిషన్ కొనొద్దు.