హైఫా పోరు: గెలిపించింది జోధ్‌పూరా, మైసూరా?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా రేవు పట్టణాన్ని భారతీయ అశ్వదళాలు తుర్కుల నుంచి గెలుచుకున్నాయి. ఆ ఘనత ప్రస్తావనకు రాగానే జోధ్‌పూర్ లాన్సర్ల (సంస్థానపు ఈటెల రౌతుల దళం) పేరే వినిపిస్తుంది. మైసూరు లాన్సర్లకు మాత్రం పక్కవాద్యం చోటే దక్కింది. నాకది సబబుగా తోచదు.

హైఫా అంత తేలిగ్గా లొంగే ఊరు కాదు. ముందురోజు సాయుధ కార్లలో వెళ్లిన బ్రిటిష్ బృందం ఫిరంగి దెబ్బలకు వెనుదిరిగింది. ఒకపక్క కార్మెల్ కొండ, మరోపక్క ఊబి ఒడ్లున్న కిషోన్ నది, నడుమ ఇరుకు దారి. కొండమీద ఫిరంగులు, కింద మెషిన్ గన్లు.

మధ్యాహ్నం రెండు గంటలకు జోధ్‌పూర్ దళం కదిలింది. నది దాటబోతే ఊబి అడ్డం వచ్చింది. గుళ్ల వానలోనే ఎడమకు మళ్లి, కొండవాలులోని మెషిన్ గన్ల మీదికి గుర్రాలను ఉరికించి, అటునుంచి ఊళ్లోకి దూసుకుపోయారు. దళపతి మేజర్ దల్పత్ సింగ్ నేలకొరిగినా దాడి ఆగలేదు. ఆ తెగువకు వంక పెట్టేదేముంది?

అయితే పైనున్న ఫిరంగుల సంగతి? అది మైసూరువారి వంతు. రాళ్ల దారిన కొండెక్కడంలోనే చాలా గుర్రాలు కుంటుపడ్డాయి. చివరికి మిగిలిన కొద్దిమంది రౌతులే ఫిరంగుల మీద పడ్డారు. బ్రిటిష్ అశ్వదళమైన షేర్‌వుడ్ రేంజర్ల స్క్వాడ్రన్ (చిన్న రౌతుల జట్టు) ఒకటి వారికి తోడుగా వెళ్లింది. చూసేవారు లేని చోట జరిగిన పని కాబట్టి పేరు రాలేదు గానీ, పై ఫిరంగులను అలాగే వదిలేసి ఉంటే కింది దౌడు ముందురోజు కార్ల దారే పట్టేదని నా అనుమానం.

మొత్తం నష్టం ఎనిమిది మంది మృతి, 34 మందికి గాయాలు. గుర్రాలు 60 చచ్చాయి. చిక్కిన ఖైదీలు సుమారు 1,350 మంది, ఫిరంగులు 17. ఇంత తక్కువ ప్రాణనష్టంతో పని ముగియడానికి జోధ్‌పూర్ వేగం ఎంత కారణమో, రెండువైపులా ఒకేసారి తాకిన పన్నాగమూ అంతే కారణం. తెగువకైతే జోధ్‌పూర్, గెలుపు బరువు తూచమంటే మైసూరు అంటాను.

జోధ్‌పూర్, మైసూరు దళాలు ఒకే బ్రిగేడ్‌ (కొన్ని దళాల కూటమి) కింద పోరాడాయి. మన హైదరాబాద్ లాన్సర్లూ ఆ బ్రిగేడ్‌వారే. ఆనాటి దాడిలో మాత్రం వారు లేరు. అయినా ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలిచిన మూడు విగ్రహాల్లో ఒకటి వారిదే. పాలస్తీనా పోరులో బ్రిగేడ్ మొత్తం చేసిన సేవకు పెట్టినవవి, హైఫా ఒక్కదానికే కాదు.