తేదీ మీద స్టిక్కర్ అంటించిన ఓవ్యులేషన్ స్ట్రిప్స్‌తో జాగ్రత్త

పిల్లల కోసం ప్రయత్నిస్తూ, అండం ఎప్పుడు విడుదలవుతుందో చూసుకోవడానికి ఆన్‌లైన్‌లో స్ట్రిప్స్ కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది ఒకసారి చదవండి. 349 రూపాయలకు 50 స్ట్రిప్స్ వస్తున్నాయని తీసుకున్నాను. డబ్బు పోతే పోయింది, మూడు నెలలు పోయాయి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఊళ్ళో మందుల షాపు ఉంది, కానీ షాపాయన మావారికి వరసకి బావ. అక్కడ ఇలాంటిది అడిగితే సాయంత్రానికల్లా కబురు మా పెద్దత్తగారి అరుగెక్కుతుంది. పెళ్ళై రెండేళ్ళు దాటింది, "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని అడగనివాళ్ళు లేరు. అందుకే ఆన్‌లైన్‌లో పెట్టాను. తీరా డెలివరీ అబ్బాయి కాలువ గట్టు మీద నుంచి ఫోన్ చేస్తే నేను చూసుకోలేదు, పార్సిల్ మా అత్తగారి చేతిలో పెట్టేసి పోయాడు. ఆవిడ విప్పలేదు గానీ ఊపి చూసి, "ఏంటమ్మా ఇవి, అగరొత్తులా?" అన్నారు.

అట్టపెట్టె లేదు. నీలం రంగు జిప్ కవరులో 50 చిన్న పొట్లాలు, ఎలా వాడాలో చెప్పే జిరాక్సు కాగితం ఒకటి. కవరు వెనక తెల్ల స్టిక్కర్, దాని మీద ఎక్స్‌పైరీ 2026 జూన్. నేను కొన్నది 2025 మేలో. ఇంకా ఏడాది టైముంది కదా అనుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అండం విడుదలయ్యే ముందు ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది, మూత్రంలో దాన్ని పట్టుకునేదే ఈ స్ట్రిప్. ప్రెగ్నెన్సీ టెస్టులో రెండో గీత లేతగా వచ్చినా లెక్కే. ఇక్కడ అలా కాదు. టెస్టు గీత, స్ట్రిప్ పనిచేస్తోందని చూపించే కంట్రోల్ గీతతో సమానంగా గానీ అంతకన్నా ముదురుగా గానీ ఉంటేనే పాజిటివ్. ఆ తర్వాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. విడుదలైన అండం ఒక రోజు మించి ఉండదు, వీర్యకణాలు మాత్రం అయిదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి ఆ కొద్ది రోజులూ తప్పితే ఆ నెల తప్పినట్టే.

నాకు నెలసరి 33 రోజులకోసారి వస్తుంది. ఫోన్‌లో పెట్టుకున్న యాప్ మాత్రం నెలసరి మొదలైన దగ్గర్నుంచి 14వ రోజే అండం విడుదల అని పువ్వు బొమ్మ వేసి చూపించేది. మొదటి నెల 12వ రోజున స్ట్రిప్ ముంచితే రెండు గీతలూ ముదురుగా వచ్చాయి. యాప్ చెప్పినదానికి దగ్గరగానే ఉంది కదా అని నమ్మేశాను. మావారు రాత్రుళ్ళు రొయ్యల చెరువు దగ్గరే ఉంటారు, కరెంటు పోయి, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది. అయినా ఆ రెండు రాత్రులూ వేరే మనిషికి కూలి ఇచ్చి పెట్టి ఇంటికి వచ్చారు. తర్వాతి నెల మళ్ళీ 12వ రోజే. ఆ పై నెలా అంతే.

అయితే గీత 12వ రోజున ముదురుగా వచ్చి తర్వాత తగ్గాలి కదా, తగ్గేది కాదు. 13, 14, 15, ఇరవయ్యో రోజు దాకా అదే గీత. కొన్నింటిలో కంట్రోల్ గీతే రాలేదు. బాత్రూమ్ కిటికీ గట్టు మీద వరసగా పేర్చి, ఫోన్ టార్చి వేసి, ఇది ముదురా అది ముదురా అని చూసుకుంటూ కూర్చునేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగినా తెలిసేది కాదు. నాలో ఏదో లోపముందని ఒకటే టెన్షన్. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళలో కొందరికి ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండి ఇలా రోజూ పాజిటివ్ వస్తుందని ఎక్కడో చదివాను. ఇక రాత్రి నిద్ర పడితే ఒట్టు.

నాలుగో నెల ఎవరికీ చెప్పకుండా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్ళి డాక్టరమ్మకు చూపించుకున్నాను. అది 12వ రోజు. పొద్దున్నే ఇంట్లో స్ట్రిప్ మీద గీత ముదురుగా వచ్చింది, అక్కడ స్కాన్‌లో ఫాలికల్, అంటే అండం పెరిగే చిన్న సంచి, 11 మిల్లీమీటర్లే ఉంది. "ఇంకా చాలా టైముందమ్మా, 18 మిల్లీమీటర్లు దాటాలి. పీసీఓఎస్ లక్షణాలేమీ లేవు" అన్నారు. స్ట్రిప్ సంగతి చెబితే ఎక్కడ కొన్నావని అడిగారు.

బయటికొచ్చి, నన్నెవరూ ఎరగని మందుల షాపులో అట్టపెట్టెలో ఉన్న కిట్ ఒకటి కొన్నాను. మర్నాడు ఒకే కప్పులో రెండూ ఒకేసారి ముంచాను. అయిదు నిమిషాలకు చూస్తే కొత్తదాంట్లో టెస్టు గీత కనబడీ కనబడనట్టుంది. నీలం కవరు దాంట్లో కాటుకతో గీసినట్టుంది.

ఇక్కడ మావారి గురించి చెప్పాలి. చెరువు నీళ్ళలో అమ్మోనియా చూసే కిట్లు వాడి వాడి ఆయనకు డేట్ల పిచ్చి. "మా కిట్టు కూడా డేటు దాటితే రంగు తప్పు చూపిస్తుంది" అంటూ కవరు తీసుకుని, స్టిక్కర్ అంచు గోరుతో గీకారు. కింద ఇంకో ముద్ర ఉంది. 2024 జూన్. అంటే నా చేతికి వచ్చేసరికే గడువు తీరి దాదాపు ఏడాది. లోపలి పొట్లాల మీద బ్యాచ్ నంబరు అలికేసినట్టుంది, ఒక్కదాంట్లోనూ తేమ పీల్చే చిన్న సంచి లేదు. ఆ పైన మే ఎండల్లో పార్సిల్ ఎన్నాళ్ళు ఏ గోడౌన్‌లో పడి ఉందో.

ఆ నెల కొత్త కిట్‌లో గీతలు సమానంగా వచ్చింది 18వ రోజు సాయంత్రం. 20వ రోజు స్కాన్‌లో అండం విడుదలైందన్నారు. అంటే మూడు నెలలూ మేం 12, 13 రోజుల్లో పడ్డ హడావుడి అంతా వారం ముందుదన్నమాట. మనిషిని పెట్టి చెరువు వదిలి వచ్చిన రాత్రులన్నీ దండగ!

అమ్మినవాళ్ళకు ఫోటోలు పంపితే, విప్పిన సరుకు వెనక్కి తీసుకోం, పైగా ఏడు రోజుల గడువు దాటింది అన్నారు. స్టిక్కర్ సంగతి ఎత్తితే జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడాను. ఇంకా తేలలేదు.

మీరు కొనేటప్పుడు స్టిక్కర్ అంచు తడిమి చూడండి, తేదీ మీద స్టిక్కర్ ఉంటే విప్పకుండానే వెనక్కి పంపేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీయలేదు, ఇప్పుడు ఏడుస్తున్నాను. తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా, బ్యాచ్, తేదీ అన్నీ కవరు మీద ఉండాలి. గీత ఎప్పుడూ ముదురుగానే ఉంటే, నాలా స్ట్రిప్పునూ నమ్మకండి, అలాగని మీలో లోపముందనీ అనుకోకండి, డాక్టర్‌కు చెప్పండి. అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజక్షన్ చేయించుకున్నవాళ్ళకు మంచి స్ట్రిప్ కూడా పాజిటివే చూపించవచ్చు, అది వేరే సంగతి.

ఇంకో 11 స్ట్రిప్స్ మిగిలాయి. ఫిర్యాదు తేలేదాకా పారేయొద్దని కవరుతో సహా బియ్యం డబ్బా వెనక పెట్టాను. మొన్న మా అత్తగారు దులుపుతూ చూసి, "ఈ అగరొత్తులు వెలిగించవేంటే?" అన్నారు.