క్రోమ్ ప్యాకేజీ: చాకిరీ తప్పిస్తుంది, బాధ్యత తప్పించదు

బ్రౌజర్ గురించి అనుకుని వచ్చినవారు వెనక్కి వెళ్లవచ్చు. ఈ క్రోమ్, ఖగోళ భౌతిక సిమ్యులేషన్లలో రసాయన చర్యలను కలపడానికి గ్రాస్సి, బొవీనో తదితరులు రూపొందించి 2014లో పరిశోధన పత్రంతో వెలువరించిన ఉచిత ప్యాకేజీ. ఆ పేరు పెట్టుకుని నెట్‌లో సాయం వెతకడం మాత్రం శిక్షే.

వాయుమేఘం కుంగి నక్షత్రమయ్యే క్రమాన్ని లెక్కించడానికి గురుత్వాకర్షణ ఒక్కటే సరిపోదు. తొలి నక్షత్రాలు పుట్టిన వాయువులో లోహాలు (ఖగోళ పరిభాషలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) లేవు, దాన్ని చల్లబరిచే భారమంతా దాదాపు హైడ్రోజన్ అణువుదే. ఆ అణువు ఏర్పడాలంటే ముందు హైడ్రోజన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకుని రుణ అయాను కావాలి, ఆ అయాను మరో పరమాణువుతో కలవాలి. ఈ చర్యల వేగాల మధ్య పొంతనే ఉండదు. అలాంటి సమీకరణాలన్నీ చేత్తో రాసి, జాకోబియన్ (వాటి పాక్షిక అవకలనాల పట్టిక) కట్టి, ఎక్కడ గుర్తు తారుమారైందో వెతకడం ఎంత విసుగో చేసినవారికి తెలుసు.

క్రోమ్‌కు కావలసింది చర్యల ఫైలు. ఒక్కో చర్యకు ఒక్కో వరుస: క్రమసంఖ్య, కలిసేవి, పుట్టేవి, ఉష్ణోగ్రత హద్దులు, చివర రేటు సూత్రం. దాన్ని చదివి పైథాన్ స్క్రిప్టు ఫోర్‌ట్రాన్ కోడ్ రాసిపెడుతుంది. మన కోడ్ నుంచి సాంద్రతలు, ఉష్ణోగ్రత, కాలవ్యవధి ఇచ్చి ఒక్క సబ్‌రూటీన్‌ను పిలవడమే మిగిలిన పని. ఇలాంటి పనికే ఉన్న మరో ప్యాకేజీ, 2017లో పత్రం వెలువడిన గ్రాకిల్, 6, 9, 12 రసాయన జాతుల సిద్ధమైన జాబితాలతో వచ్చింది. నాకు కావలసిన చర్య నేనే చేర్చుకునే వీలుందని క్రోమ్ వైపే మొగ్గాను. అయిదుకు నాలుగు ఇస్తాను.

ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, చర్యల ఫైలులో ఉష్ణోగ్రత హద్దులు రాసే చోటు చూడటానికి అమాయకంగా ఉంటుంది. ఒకే చర్యకు చల్లని వాయువుకు ఒక పత్రంలోని సూత్రం, వేడి వాయువుకు మరో పత్రంలోని సూత్రం రాస్తాం. హద్దు దగ్గర ఆ రెండూ కలవకపోతే రేటు ఒక్కసారిగా ఎగురుతుంది. లోపల సమీకరణాలు విప్పే డీఎల్‌సోడ్స్ అక్కడ అడుగులు చిన్నవి చేసుకుంటూ పాకుతుంది. ఎన్నో ప్రాసెసర్లు కలిసి పనిచేసే క్లస్టర్‌లో దాని ఫలితం మరీ చేదు: సిమ్యులేషన్‌ను విడగొట్టిన గడుల్లో దట్టమైన వాయువున్నవి పడిన ప్రాసెసర్లు చెమటోడుస్తుంటే మిగతావి ఖాళీగా ఎదురుచూస్తాయి, కేటాయించిన గంటలు మాత్రం అన్నిటికీ ఖర్చవుతాయి. ఇంకొకటి, సంఖ్యా సాంద్రతలతో పనిచేసేవారు యూజ్‌ఎన్ ఐచ్ఛికం పెట్టాలి. లేదంటే అది ద్రవ్యరాశి భిన్నాలనే ఆశిస్తుంది.

రేట్ల మంచిచెడ్డలు దాని పని కాదు, మనదే. మూడు హైడ్రోజన్ పరమాణువులు ఢీకొని అణువు పుట్టే చర్యకు ప్రచురితమైన రేట్లలోనే పది రెట్లకు మించిన తేడా ఉంది. ఏది రాసినా క్రోమ్ కిమ్మనకుండా తీసుకుంటుంది.

పెద్ద కోడ్‌కు కలిపే ముందు ఆదిమ వాయువుతో ఒకే గడి కుంగే పరీక్ష నడపండి. ఘన సెంటీమీటరుకు సుమారు 10,000 కణాల దగ్గర ఉష్ణోగ్రత 200 కెల్విన్‌ల ప్రాంతానికి దిగి, ఆపై మెల్లగా పెరగాలి. అలా దిగకపోతే క్లస్టర్ క్యూలో నిలబడకండి, చర్యల ఫైలు తెరవండి.