ట్రెబుల్ తగ్గిన స్పీకర్లకు బజార్లో దొరికే మూడు మందులు: బోర్డు, పీజో, విడి కెపాసిటర్

ఇంట్లో స్టీరియో పెట్టెలు గుడ్డ కప్పినట్టు మోగుతున్నాయని చెప్తే, శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా స్పేర్ పార్టుల కౌంటరు మీదకు వచ్చేవి మూడు: శబ్దాన్ని పెద్ద స్పీకరు (ఊఫర్)కీ, పై స్వరాలు పలికే చిన్న స్పీకరు (ట్వీటర్)కీ పంచే రెడీమేడ్ టూ-వే క్రాసోవర్ బోర్డు, కాయిల్ బదులు సిరామిక్ బిళ్లతో మోగే పీజో ట్వీటర్, గట్టిగా అడిగితే కింది స్వరాలు ట్వీటర్‌కి పోకుండా ఆపే విడి కెపాసిటర్లు. "ట్వీటర్ పోయింది బాబూ, మార్చీండి" అన్న మాట ఎలాగూ ముందే వస్తుంది. మూడింటిలో మా ఓటు విడి ఫిల్మ్ (ప్లాస్టిక్ పొరతో చేసిన) కెపాసిటర్‌కే. రెడీమేడ్ బోర్డు కొనొద్దు. పీజోకి దాని చోటు దానికుంది, కానీ కూర్చుని పాటలు వినే గదిలో కాదు.

డబ్బు తీసేముందు ఒక పరీక్ష చెయ్యాలి. ఆంప్లిఫైయర్ ఆపి, వెనక ఎడమ, కుడి స్పీకరు వైర్లు తారుమారు చేసి మళ్లీ పెట్టండి. మందంగా మోగిన పెట్టె బాగుపడి రెండోది మందగిస్తే తప్పు పెట్టెలో లేదు, ఆంప్లిఫైయర్‌లోనో దానికి వచ్చే పిన్నులోనో ఉంది. అదే పెట్టె మందంగా ఉండిపోతే దాన్ని విప్పాల్సిందే. అయితే ఈ పరీక్షకి దొరకని రోగం ఒకటుంది. రెండు పెట్టెల్లో కెపాసిటర్లు ఒకే రోజు పుట్టినవి, ఒకేలా ముసలివవుతాయి. రెండూ సమానంగా మందగిస్తే చెవి కొన్నేళ్లలో దానికి అలవాటు పడిపోతుంది, తేడా పట్టుకోలేదు. అందుకే కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస ట్వీటర్ ముందు, రెండోది చెవి దగ్గర పెట్టి, సౌండు బాగా తగ్గించి వినండి. తాళాలు, చిడతలు, గజ్జెలు ఉన్న కొత్త రికార్డింగు పెట్టాలి. విజయనగరం అనగానే ద్వారం వెంకటస్వామినాయుడి గారి వయొలిన్ పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ కాలపు 78 ఆర్‌పీఎం రికార్డుల్లో పై స్థాయి శబ్దం మొదటినుంచీ తక్కువే, వాటితో ట్వీటర్‌ని తప్పుపట్టడం న్యాయం కాదు.

భోగాపురం, పూసపాటిరేగ, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకో అనుమానం ముందు తీర్చుకోవాలి. ఉప్పు గాలికి స్పీకరు టెర్మినళ్లు, వైరు కొసలు నల్లబడతాయి, ఆంప్లిఫైయర్‌లో టోన్ నాబ్, ఏ జత స్పీకర్లు మోగాలో ఎంచే ఎ-బి స్విచ్ లోపల పొర కడుతుంది. వైరు కొస ఒక అంగుళం కోసేసి కొత్త రాగి బయటపెట్టండి. నాబ్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, కరెంటు లేకుండా 20, 30 సార్లు ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పొయ్యొద్దు, అది దుమ్ముని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు పెట్టె విప్పుదాం. ట్వీటర్ స్క్రూలు తీసి, ఒక వైరు ఊడదీసి, మల్టీమీటర్‌ని 200 ఓమ్ దగ్గర పెట్టి కొలవండి. 8 ఓమ్ అని రాసిన ట్వీటర్ 5.5 నుంచి 7 మధ్య చూపాలి, 4 ఓమ్‌ది 3 నుంచి 4. మీటరు తీగలు రెండూ ముట్టించినప్పుడు వచ్చే అంకెను అందులోంచి తీసెయ్యాలి. పెట్టె బయట టెర్మినళ్ల దగ్గర కొలిస్తే లాభం లేదు, దారిలో కెపాసిటర్ ఉంది, అది మీటరు ఇచ్చే డీసీని ట్వీటర్ దాకా పోనివ్వదు. కాయిల్ తెగిందని మీటరు అంటే ట్యాగు దగ్గర సన్న తీగ విడిపోయిందేమో భూతద్దంతో చూడండి, అక్కడైతే టాంకాతో బతుకుతుంది. అంకె సరిగా ఉంటే ట్వీటర్ కాయిల్ బతికే ఉంది, దృష్టి కెపాసిటర్ మీదకు మళ్లాలి.

మామూలు ఇంటి పెట్టెల్లో ట్వీటర్‌కి వరుసలో ఉండేది 2.2 నుంచి 6.8 మైక్రోఫారడ్ నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దానిలోని ద్రవం ఏళ్ల తరబడి ఆరుతుంది, వేడి దాన్ని తొందరపెడుతుంది. ఆరిన కొద్దీ రెండు పనులు జరుగుతాయి. విలువ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. 8 ఓమ్ ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ ఉంటే దారి సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర తెరుచుకుంటుంది. అది సగానికి పడితే ఆ హద్దు 8,500కి పోతుంది. మధ్యలో ఉన్న స్వరం, అంటే గొంతులో "స", "ష"లు, తాళం కొట్టిన మొదటి చప్పుడు, ఎవరూ పలకకుండా మిగిలిపోతాయి. లోపలి నిరోధం 2 ఓమ్‌లు చేరితే మొత్తం ట్రెబుల్ దాదాపు 2 డెసిబెల్ దిగుతుంది, 8 చేరితే 6 దిగుతుంది. కెపాసిటెన్స్ కొలిచే మామూలు మీటరు విలువే చూపుతుంది, ఈ నిరోధాన్ని చూపదు. అందుకే మీటరు 4.7 అన్నా నమ్మేయకండి. ఒక కాలు టాంకా విప్పి, మొసలి క్లిప్పులతో కొత్త కెపాసిటర్ పెట్టి వినడమే అసలు పరీక్ష. తేడా ఉంటే మొదటి పాటలోనే తెలిసిపోతుంది.

కొనాల్సింది అదే విలువ పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ ఫిల్మ్, 100 వోల్టులు లేదా అంతకు మించి. అది దొరక్కపోతే "ఎన్‌పీ" లేదా "బీపీ" అని అచ్చువేసిన కొత్త ఎలక్ట్రోలైటిక్ సరిపోతుంది. పక్కన మైనస్ గీత ఉన్న మామూలుది ఒంటరిగా వెయ్యొద్దు. అదీ లేకపోతే 10 మైక్రోఫారడ్ మామూలువి రెండు తెచ్చి మైనస్ కాళ్లు కలిపి టాంకా వేస్తే దాదాపు 5 అవుతుంది, తాత్కాలికంగా పని నడుస్తుంది. ఫిల్ముది పాతదానికి రెండు మూడింతల లావుంటుంది, బోర్డు మీద నిలబడదు. వేడి జిగురుతో అతికించి నైలాన్ పట్టీ బిగించాలి, లేదంటే బేస్ వచ్చినప్పుడల్లా అదురుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. రెండు పెట్టెలకూ ఒకే రోజు మార్చండి. మార్చాక శబ్దం చెవిని గుచ్చితే కంగారు పడొద్దు. కొత్తదాంట్లో లోపలి నిరోధం దాదాపు లేదు కాబట్టి అలా అవుతుంది. 0.5 లేదా 1 ఓమ్, 5 వాట్ల సిమెంటు రెసిస్టర్ వరుసలో వేస్తే నెమ్మదిస్తుంది. ముందునుంచీ అక్కడ తెల్ల సిమెంటు రెసిస్టర్ ఉంటే దాన్నీ కొలవాలి. మాడి, విలువ పెరిగిపోయి ట్రెబుల్‌ని మింగేది ఒక్కోసారి అదే.

ఇక రెడీమేడ్ బోర్డు. నిగనిగలాడుతుంది, కాయిళ్లు రెండు, కెపాసిటర్లు రెండు, వైర్లు బిగించడానికి స్క్రూలు. కానీ అది ఏ ట్వీటర్‌కి లెక్కకట్టిందో చాలాసార్లు దాని మీద ఉండదు. 8 ఓమ్‌కి చేసిన బోర్డు 4 ఓమ్ ట్వీటర్‌కి కడితే హద్దు చెదిరిపోతుంది. ఒక్క కెపాసిటర్ ఉన్న సాదా అమరికలో అయితే అది సరిగ్గా రెట్టింపవుతుంది, అంటే మళ్లీ మొదటి రోగమే. కంపెనీ ఆ ట్వీటర్‌ని ఊఫర్‌తో సమం చెయ్యడానికి వేసిన రెసిస్టర్ దీంట్లో లేకపోతే, ఒకటి అరుస్తుంది, రెండోది మూలుగుతుంది. పాత బోర్డు పగిలినా పారేయకండి, దాని మీది విలువలే ఆ పెట్టె జాతకం.

పీజో ట్వీటర్ విషయంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మీటరు పెడితే తెగినట్టే చూపుతుంది. దాని స్వభావమే అంత, పోయిందని పారేయకండి. రెండోది, పాత డోమ్ (గుమ్మటం ఆకారపు, కాయిల్ ఉన్న) ట్వీటర్ తీసి ఆ కెపాసిటర్ వెనకే పీజో కట్టడం. పీజో తనే ఒక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. రెండూ వరుసలో పడితే హద్దు గీయవు, శబ్దాన్ని పంచుకుని తగ్గిస్తాయంతే. గుడిలో, వీధి పెట్టెలో దూరం పోవడానికి పీజో మంచిదే. వయొలిన్‌కీ, ఆడగొంతుకీ అది గరుకు.

కాయిల్ నిజంగా మాడితే అదే ఓమ్, అదే కొలత ఉన్న డోమ్ ట్వీటరే వెతకండి, ఇక్కడ లేకపోతే విశాఖపట్నం దాకా వెళ్లడం మంచిది. మాడడానికి తరచూ కారణం పెద్ద ఆంప్లిఫైయర్ కాదు, చిన్న ఆంప్లిఫైయర్‌ని చివరికంటా తిప్పడం. సిరిమానోత్సవానికి ఇంటి పెట్టెలు అరుగు మీద పెట్టి బేస్, ట్రెబుల్ రెండూ పూర్తిగా తిప్పితే తరంగం కొసలు తెగి, అందులోంచి పుట్టిన పై స్థాయి శక్తి అంతా ట్వీటర్ మీదే పడుతుంది. కాయిల్ బాగుండి, కెపాసిటర్ మార్చినా మందంగానే మోగే 15, 20 ఏళ్ల ట్వీటర్‌లో ఫెర్రోఫ్లూయిడ్ (కాయిల్ చుట్టూ ఉండే అయస్కాంత ద్రవం) గట్టిపడి ఉండొచ్చు. డోమ్ విడిగా ఊడి వచ్చే రకమైతే అయస్కాంతం సందులో కాగితం ముక్కతో పాతది తుడిచి, కొత్తది సరైన కొలతలో వెయ్యవచ్చు. వేలితో డోమ్‌ని నొక్కి చూడొద్దు.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఊడదీసిన కెపాసిటర్ జేబులో వేసుకోండి, ట్వీటర్ వెనక రాసిన ఓమ్ విలువ ఫోటో తీసుకోండి. "ట్రెబుల్ రావట్లేదు" అని అడిగితే బోర్డు ఇస్తారు. "4.7 ఫిల్మ్, 250 వోల్ట్, రెండు" అని అడిగితే అదే ఇస్తారు.