చేతిలో నోటా, చిట్టాలో నాణెమా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 22 ఏళ్ళుగా పద్దులు రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల మీద దిగుతున్నంత కాలం, రైతుకు రావలసింది బ్యాంకు ఖాతాకూ, హమాలీల కూలి నగదుగానూ, టీ కొట్టు బాకీ ఫోనులోనూ, ఇలా ఒకే బల్ల మీద నుంచి డబ్బు మూడు దారుల్లో వెళ్ళడం రోజూ చూస్తూనే ఉంటాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు నా బల్ల ముందు కూర్చుని, “మావయ్యా, క్రిప్టో వస్తే మీకు ఈ నోట్ల కట్టలూ అక్కర్లేదు, బ్యాంకూ అక్కర్లేదు కదా?” అని అడిగాడు. చదువుకున్న పిల్లవాడు మనస్ఫూర్తిగా అడిగిన మాట కనుక రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆనాటి నుంచి చదివినదీ, యార్డులో చూసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నగదును తీసేసి దాని చోట క్రిప్టోను, అంటే కంప్యూటర్ల చిట్టాలో మాత్రమే ఉండే నాణేన్ని, పెట్టవచ్చా అని తూచే ముందు, ఆ క్రిప్టో ఎందుకు పుట్టిందో తెలియాలి. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో తొమ్మిది పేజీల పత్రం ఒకటి వెలువడింది. మధ్యలో ఏ బ్యాంకూ లేకుండా ఒకరి నుంచి మరొకరికి నేరుగా చేరే ఎలక్ట్రానిక్ నగదు అన్నదే దాని శీర్షికలోని భావం. అంతకు ఆరు వారాల ముందే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయింది. 2009 జనవరి 3న, ఆ పత్రం ప్రతిపాదించిన బిట్‌కాయిన్ అనే క్రిప్టో నాణెం చిట్టాలో తొలి పుట రాసినప్పుడు, బ్యాంకులను రెండోసారి ఆదుకోవడానికి బ్రిటన్ ఆర్థిక మంత్రి సిద్ధమవుతున్నారన్న ఆనాటి లండన్ టైమ్స్ శీర్షికను అందులో పొదిగారు. జనం సొమ్ముతో ఆటలాడిన బ్యాంకులను మళ్ళీ జనం సొమ్ముతోనే నిలబెట్టడం చూసిన వారి ఆగ్రహం అది. ఆ ఆగ్రహం న్యాయమైనదేనని నేను నమ్ముతాను.

ఆలోచన మాత్రం అంతకంటే పాతది. డేవిడ్ షామ్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, ఎవరు ఎవరికి చెల్లించారో బ్యాంకుకు కూడా తెలియని డిజిటల్ నగదును 1980ల ఆరంభంలోనే ప్రతిపాదించాడు. ఆయన పెట్టిన సంస్థ 1998లో దివాలా తీసింది. 1997లో ఆడమ్ బ్యాక్, పనికిమాలిన ఈమెయిళ్ళను ఆపడానికి, పంపేవారి కంప్యూటరు చేత కొంచెం లెక్క చేయించే హ్యాష్‌క్యాష్ పద్ధతిని తెచ్చాడు. 1998లో వే డాయ్ బి-మనీ అనే నమూనాను రాశాడు. వీరందరికీ అడ్డుపడిన చిక్కుముడి ఒక్కటే, దాన్ని మన ఊరి ఉదాహరణతో చెప్పవచ్చు. కోల్డ్ స్టోరేజీలో నూరు టిక్కీలు పెట్టినవాడు, ఆ సరుకు రసీదును నకలు తీసి ఇద్దరి దగ్గర తాకట్టు పెడితే ఏమవుతుంది? ఇద్దరూ తమదే అసలు రసీదు అనుకుంటారు, సరుకు మాత్రం ఒకరికే సరిపోతుంది. కంప్యూటరులో ఉన్న దేనికైనా నకలు తీయడం క్షణం పని కనుక, డిజిటల్ నాణేన్ని ఒకడు ఇద్దరికి ఇవ్వకుండా ఆపాలంటే ఎవరో ఒకరు లెక్క చూడాలి. అలా చూసేవాడే బ్యాంకు అవుతుంది. బ్యాంకు వద్దనుకుంటే ఎలా?

సతోషి చెప్పిన జవాబు, లెక్కను అందరి చేతిలోనూ పెట్టడం. చిట్టాలో ఒక పుట నిండగానే అడుగున తేలిన నిల్వను తరువాతి పుట నెత్తిన ఎక్కించడం పద్దులు రాసేవాడు నేర్చుకునే మొదటి పాఠం. బిట్‌కాయిన్ చిట్టాలో ప్రతి పుటా తన ముందు పుట వేలిముద్రను, అంటే ఆ పుటలో ఉన్నదంతా కలిపి లెక్కగట్టిన గుర్తును, కూడా మోస్తుంది కాబట్టి, వెనక ఎక్కడో ఒక అంకె దిద్దితే ఆ తరువాతి పుటలన్నీ తప్పని తేలిపోతాయి. దాదాపు 10 నిమిషాలకు ఒక కొత్త పుట చేరుతుంది. దాన్ని రాసే హక్కు, కరెంటు ఖర్చు పెట్టి ఒక కష్టమైన లెక్కను ముందుగా ఛేదించినవాడిది. అందుకు ప్రతిఫలంగా 2009లో 50 బిట్‌కాయిన్లు దక్కేవి; సుమారు నాలుగేళ్ళకొకసారి సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125కు దిగింది. మొత్తం నాణేలు ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటవు. పద్దులు రాసి బతికేవాడిగా చెబుతున్నాను, ఒకరినొకరు ఎరగని వేలమంది దిద్దుబాటు లేకుండా ఒకే చిట్టాను ఏళ్ళ తరబడి నడపడం గొప్ప సంగతి.

అయితే ఇక్కడే మేనల్లుడి ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఇంత శ్రమా దేనికోసం? కాగితపు నోటు చేసే పనిని కంప్యూటరు చేత చేయించడం కోసం. హమాలీ ముఠా మేస్త్రీ చేతిలో నేను 500 నోటు పెట్టిన క్షణంలో బాకీ తీరిపోతుంది. అదే నోటును నేను మరొకరికి ఇవ్వలేను, ఎందుకంటే అది నా చేతిలో లేదు. మధ్యలో ఎవరి అనుమతీ లేదు, రుసుము లేదు, పేరు అడిగేవారు లేరు. బిట్‌కాయిన్ అనుకరించింది నగదునే కనుక, దానికి నగదును తొలగించే అర్హత ఉందా అన్నది ఆ అనుకరణ అసలును మించిందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా అక్కావాళ్ళు అక్కడి తమ ఇంట్లోనే ఉన్నారు. కింది అంతస్తు నీళ్ళలో ఉండగా మేడ మీద రోజులు గడిపారు. కరెంటు లేదు, మొదటి రాత్రికే ఫోన్లు మూగబోయాయి. మూడో రోజున బావగారు నడుము లోతు నీళ్ళలో మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి పాలు, కొవ్వొత్తులు, మా మేనకోడలి బిడ్డకు జ్వరం మందు తెచ్చింది, బీరువా పై అరలో మిగిలిన వంద నోట్లతోనే. కింది అరలో తడిసిన కట్టను నీళ్ళు తీశాక ఫ్యాను కింద ఆరబెట్టారు. వాటిలో చిరిగినవాటిని బ్యాంకులో మార్చుకున్నారు. పాడైన నోటుకు మారు నోటు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలే ఉన్నాయి. ఫోనులోని క్రిప్టోకైనా యూపీఐకైనా ఆ మూడు రోజులూ విలువ సున్నా. తుపాను దారిలో ఉన్న ఈ కోస్తాలో డబ్బు గురించి ఆలోచించేవారు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు.

ఇక విలువ మాట. క్రిప్టో పక్షాన వినిపించే బలమైన వాదం, రూపాయిని ప్రభుత్వం కావలసినంత అచ్చు వేయగలదు, బిట్‌కాయిన్‌ను ఎవరూ పెంచలేరు అన్నది. వినడానికి బాగుంటుంది. కానీ పంట ఊరిలో ఉన్నవాడికి అందులోని లోపం కళ్ళకు కడుతుంది. మిర్చి కాలంలో గుంటూరుకు ఒక్కసారిగా డబ్బు అవసరం పెరుగుతుంది. కోత కూలీలు, లారీ కిరాయిలు, అడ్వాన్సులు, కొనుగోళ్ళు అన్నీ ఆ నాలుగు నెలల్లోనే. పంటల కాలంలో డబ్బు బిగుసుకుపోవడం ఈ దేశానికి పాత బాధ. రిజర్వు బ్యాంకు ఎన్నో ఏళ్ళు తన రుణ విధానాన్ని రద్దీ కాలానికి ఒకటి, మందకొడి కాలానికి ఒకటి చొప్పున ప్రకటించింది కూడా అందుకే. అవసరం పెరిగినా పెరగని డబ్బుతో వ్యాపారం చేయవలసి వస్తే డబ్బు ప్రియమవుతుంది, అంటే సరుకు చవకవుతుంది, అదీ రైతు సరుకు తెచ్చిన నెలల్లోనే. రైతు నడ్డి విరిచే డబ్బును నేను మంచి డబ్బు అనలేను.

పైగా పరిమితి ఉన్నంత మాత్రాన విలువ నిలకడగా లేదు. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లకు చేరిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల దగ్గరకు పడిపోయింది. ధరల పెరుగుదల రూపాయిని ఏటా కొంచెం కొరుకుతుందన్నది నిజమే, కానీ నెలాఖరు అద్దెకు దాచిన కూలి డబ్బు వారంలో కరిగిపోవడం వేరు. ధర పెరిగినా చిక్కే. 2010 మే 22న అమెరికాలో ఒకరు రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చారు. ఆ కథ తెలిసిన తరువాత ఎవరికి మాత్రం ఆ నాణేన్ని ఖర్చు పెట్టబుద్ధి వేస్తుంది? ఖర్చు పెట్టాలనిపించనిది దాచుకునే వస్తువు అవుతుంది, బంగారంలాగా. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర కొనడానికి ఎవరూ బంగారం గీకి ఇవ్వరు.

వేగం సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. బిట్‌కాయిన్ అసలు చిట్టాలో సెకనుకు పట్టేవి సుమారు ఏడు లావాదేవీలు, రోజంతా కలిపినా ఆరు లక్షలు. 2016లో మొదలైన యూపీఐ 2023 ఆగస్టు నెలలో 1,000 కోట్ల లావాదేవీలు దాటింది. బిట్‌కాయిన్ మీద లైట్నింగ్ అనే రెండో అంచె కట్టి వేగం పెంచుతున్నారు, కానీ ఇక్కడి టీ కొట్టుకు ఆ సమస్య ఎప్పుడో తీరిపోయింది.

ఇంతవరకు నగదు వైపే మాట్లాడాను కనుక నగదు చేసిన గాయం కూడా చెప్పాలి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, చలామణిలో ఉన్న నగదు విలువలో సుమారు 86 శాతం ఒక్క మాటతో ఆగిపోయింది. మరుసటి వారం కూలికి వచ్చిన ఆడవాళ్ళకు ఇవ్వడానికి నా పెట్టెలో చెల్లే నోట్లు లేక, చీటీలు రాసి ఇచ్చాను. ఆ చీటీలు పట్టుకుని వాళ్ళు కిరాణా కొట్టులో బతిమాలుకున్నారు. నోటు మీద గవర్నరు సంతకంతో ఉన్న హామీ ఎంత పలచనో ఆ వారం అర్థమైంది. ఏ ప్రభుత్వమూ రాత్రికి రాత్రి రద్దు చేయలేని డబ్బు కావాలని కోరుకునేవారిని నేను తప్పుపట్టలేను. కరెన్సీ కుప్పకూలిన వెనిజువెలా వంటి దేశాల్లో జనం క్రిప్టో వైపు చూశారంటే కారణం అదే. అమెరికాలో ఉన్న కొడుకు ఊళ్ళోని తల్లికి డబ్బు పంపేటప్పుడు, సెలవులూ వేళలూ లేని దారి అన్న సౌకర్యం కూడా నిజమైనదే.

కానీ మధ్యవర్తి లేడన్న మాట ఆచరణలో ఎంత నిలిచింది? తన నాణేలను ఖర్చు పెట్టడానికి కావలసిన, పాస్‌వర్డ్ వంటి రహస్య తాళాన్ని మామూలు మనిషి సొంతంగా కాచుకోలేక, వాటిని ఎక్స్ఛేంజీల చేతిలో, అంటే క్రిప్టో కొనుగోలు, అమ్మకాలు జరిపించే సంస్థల చేతిలో పెడతాడు. జపాన్‌లోని మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజీ 2014లో 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయని చెప్పి దివాలా తీసింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజీ కూలింది. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టోను దొంగలు ఎత్తుకుపోయారు. బ్యాంకులో డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది, ఫిర్యాదు చేయడానికి అంబుడ్స్‌మన్ ఉన్నారు. క్రిప్టోకు అవి లేవు. సొంతంగా కాచుకున్నవాడు తాళం మరిచిపోతే ఏ కోర్టూ తెరిపించలేదు. బ్యాంకులను నమ్మలేమని పుట్టినది, బ్యాంకులకంటే తక్కువ బాధ్యత గల చేతుల్లోకి వెళ్ళడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ చెల్లింపుగా చేసి, పౌరులకు 30 డాలర్ల విలువైన నాణెం బహుమతిగా కూడా ఇచ్చింది. 2025 జనవరిలో చట్టం మార్చి, దాన్ని తీసుకోవడం వర్తకుల ఇష్టానికి వదిలేసింది. మన దగ్గర రిజర్వు బ్యాంకు 2018లో పెట్టిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 బడ్జెట్ లాభం మీద 30 శాతం పన్ను వేసింది, నష్టాన్ని మరో లాభంతో సరిపెట్టుకోనివ్వలేదు. అంటే మన చట్టం దృష్టిలో అది ఆస్తి. దానితో కూరగాయలు కొన్నా ఒక ఆస్తిని అమ్మినట్టే లెక్క వేసుకోవాలి.

అందుచేత నా తీర్పు ఇది. పెద్ద మొత్తాలకు బ్యాంకు బదిలీ మేలు. 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని చట్టమే ఒప్పుకోదు, అది మంచిదే. రోజువారీ చిల్లరకు యూపీఐ బాగా పనిచేస్తోంది. పోయినా ఫరవాలేదనుకున్న సొమ్ముతో క్రిప్టో కొనుక్కునేవారిని ఆపవలసిన పని లేదు. నగదును తీసేసి ఆ చోట క్రిప్టోను కూర్చోబెట్టడం మాత్రం వద్దు. కరెంటు, సిగ్నలు, ఖాతా ఏదీ లేని మనిషికి కూడా చెల్లే డబ్బు ఒకటి ఉండి తీరాలి. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్య జనం కోసం ప్రయోగంగా మొదలుపెట్టిన డిజిటల్ రూపాయి, నెట్ లేని చోట కూడా అందరి మధ్యా మామూలుగా చేతి నుంచి చేతికి మారే రోజు వస్తే అప్పుడు ఈ తూకం మళ్ళీ వేయవచ్చు.

ఇవన్నీ చెబితే మేనల్లుడు అడిగిన మరో మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. “సరే మావయ్యా, నగదు ఉండాలంటారు, మరి ఏటీఎంలో 500 నోట్లు తప్ప వేరేవి రావడం లేదు కదా?” అన్నాడు. యార్డులో సాయంత్రం కూలి పంచే వేళ పది నోట్ల కోసం, ఇరవై నోట్ల కోసం కొట్టు కొట్టుకూ తిరగడం నాకు అలవాటే. 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలు 100 లేదా 200 నోట్లు కూడా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. అంతకంటే చిన్న నోట్ల కోసం ఇప్పటికీ బ్యాంకు కౌంటరు దగ్గర అడిగి తెచ్చుకోవలసిందే.