సీ స్ట్రింగ్‌లో అక్షరం వెతకాలంటే ఏది మేలు: సొంత లూపా, స్ట్ర్‌చారా, మెమ్‌చారా?

స్ట్ర్‌చార్ (strchr), మెమ్‌చార్ (memchr) రెండూ అక్షరం వెతికిపెట్టే సీ భాషలోని రెడీమేడ్ లైబ్రరీ ఫంక్షన్లు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చివర సున్నా బైటు ఉన్న మామూలు స్ట్రింగ్ అయితే స్ట్ర్‌చార్ వాడండి, పొడవు తెలిసిన బఫర్ (డేటా నింపిపెట్టిన మెమరీ ముక్క) అయితే మెమ్‌చార్ వాడండి. సొంత లూప్ ల్యాబ్ పరీక్షకీ, ఈ రెండూ చేయలేని పనులకీ ఉంచుకోండి.

లూప్ వద్దని నేను అనడం లేదు. "లైబ్రరీ ఫంక్షన్ లేకుండా రాయండి" అని ల్యాబ్‌లో అడగడం సరైన పనే, ఎందుకంటే సీలో స్ట్రింగ్ పొడవు ఎక్కడా రాసి ఉండదనీ, సున్నా బైటు కనబడినచోటే అది అయిపోయినట్టనీ చేత్తో రాసినప్పుడే బుర్రకెక్కుతుంది. పైగా ఇండెక్స్ (సున్నా నుంచి లెక్కపెడితే అక్షరం ఎన్నో చోట ఉందో ఆ అంకె) నేరుగా చేతికొస్తుంది, అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం, "అంకె అయినా చుక్క అయినా సరే" లాంటి షరతులు కలపడం తేలిక. కానీ లూప్ షరతులో, స్ట్రింగ్ పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. లూప్ లోపల స్ట్రింగ్‌ను మార్చకపోతే కంపైలర్ ఆ కొలతను ఒక్కసారికి తగ్గించగలదు. మారిస్తే మాత్రం ప్రతి చుట్టుకీ మొత్తం మళ్లీ కొలవాల్సి రావచ్చు, అప్పుడు లక్ష అక్షరాల స్ట్రింగ్‌కి సుమారు వెయ్యి కోట్ల అడుగులు పడతాయి.

స్ట్ర్‌చార్ ఒక్క లైనులో పని ముగిస్తుంది. అక్షరం దొరికితే దాని పాయింటర్ (మెమరీలో అది ఉన్న చోటు) ఇస్తుంది, లేకపోతే నల్ (ఏ చోటూ చూపని పాయింటర్) ఇస్తుంది. ఇండెక్స్ కావాలంటే ఆ పాయింటర్‌లోంచి స్ట్రింగ్ మొదలును తీసేయండి: ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాసిన హైదరాబాద్‌లో 'ఏ' కోసం వెతికితే 5 వస్తుంది, చివరి నుంచి చూసే స్ట్ర్‌ఆర్‌చార్ అయితే 7 ఇస్తుంది. తీసివేసే ముందు నల్ అవునో కాదో చూడటం తప్పనిసరి. వేగం సంగతి కూడా ఉంది. లైనక్స్‌లో మనం వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ, ఏవీఎక్స్2 (ఒకే దెబ్బకి చాలా బైట్ల మీద పనిచేసే ఆదేశాలు) ఉన్న ప్రాసెసర్ల మీద ఒకేసారి 32 బైట్లు పోల్చేస్తుంది, ఒక్కో బైటు చూసుకుంటూ పోయే మన లూప్ పెద్ద స్ట్రింగ్‌ల మీద దాన్ని అందుకోవడం కష్టం.

స్ట్ర్‌చార్‌తో నిజంగా టెన్షన్ పెట్టే సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదు. చివరి సున్నా బైటు కూడా స్ట్రింగ్‌లో భాగమే అని అది లెక్కిస్తుంది. అందుకే ఒక అక్షరం అచ్చా కాదా అని చూడటానికి అయిదు ఇంగ్లీషు అచ్చుల స్ట్రింగ్‌లో దాన్ని వెతికారనుకోండి, వచ్చిన అక్షరం సున్నా బైటు అయితే "దొరికింది" అనే జవాబే వస్తుంది! లూప్ ఆగాల్సిన చోట ఆగకుండా స్ట్రింగ్ దాటి చదివేసే బగ్‌లు ఇలాగే పుడతాయి. కాబట్టి సున్నా కాదని ముందు తేల్చుకుని తర్వాతే పిలవండి.

మెమ్‌చార్‌కి వెతకాల్సిన పొడవు కూడా ఇవ్వాలి. ఆ పొడవు వరకే చూస్తుంది, మధ్యలో సున్నా బైట్లు వచ్చినా ఆగదు. సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి రిసీవ్‌తో గానీ, ఫైల్ నుంచి రీడ్‌తో గానీ వచ్చిన డేటా చివర సున్నా బైటు ఎవరూ పెట్టరు. అలాంటి బఫర్ మీద స్ట్ర్‌చార్ పిలిస్తే అది బఫర్ హద్దు దాటి ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం, అది ప్రోగ్రామ్ క్రాష్ అవడంతో ఆగకుండా సెక్యూరిటీ సమస్యగా కూడా మారొచ్చు. స్ట్రింగ్‌ను కాపీ చేసే స్ట్ర్‌ఎన్‌కాపీతో నింపిన బఫర్‌కీ ఇదే ప్రమాదం, సోర్స్ స్ట్రింగ్‌కి చోటు సరిపోకపోతే అది చివర సున్నా పెట్టదు. పొడవు మీ చేతిలో ఉన్నప్పుడల్లా మెమ్‌చారే మేలు అని గట్టిగా అంటాను.

ఇక మన తెలుగు టెక్స్ట్ మీద వెతకాలంటే ఈ మూడూ నేరుగా పనికిరావు, ఎందుకంటే ఇవి చూసేది బైటుని. యూటీఎఫ్-8లో (టెక్స్ట్‌ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు, అందుకే "తెలుగు" అనే మాటకి స్ట్ర్‌లెన్ 18 చూపిస్తుంది. సింగిల్ కోట్స్‌లో 'ఆ' అని రాసి స్ట్ర్‌చార్‌కి ఇస్తే క్లాంగ్ కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, జీసీసీ కంపైలర్ మాత్రం వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లి చివరి బైటు ఒక్కటే వెతుకుతుంది. 'ఆ' చివరి బైటు హెక్సాలో 86, ఎత్వం గుర్తు చివరి బైటు కూడా 86. అంటే "తెలుగు"లో 'ఆ' లేకపోయినా ఎత్వం దగ్గర ఉందని చెప్పేస్తుంది. ఇక్కడ డబుల్ కోట్స్‌లో "ఆ" పెట్టి స్ట్రింగ్‌లో మరో స్ట్రింగ్‌ను వెతికే స్ట్ర్‌స్ట్ర్ వాడితే మూడు బైట్లూ కలిపి చూస్తుంది కాబట్టి సరైన జవాబే వస్తుంది. అయితే "త" అని వెతికితే "తె"లో ఉన్న త కూడా దొరుకుతుంది. గుణింతం లేని త మాత్రమే కావాలంటే దాని తర్వాతి మూడు బైట్లు గుణింతపు గుర్తో పొల్లో అవునా అని మీరే చూసుకోవాలి, దానికి మాత్రం సొంత లూపే రాయండి.