తేదీ మార్చుకోనిచ్చిన మూవర్స్‌కి నాలుగు స్టార్లు

మా సామాను కొత్త ఇంటికి చేర్చిన ఈ మూవర్స్ కంపెనీకి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. నా లెక్క ఇదీ: రెండుసార్లు తేదీ మార్చినా పైసా అడగనందుకు రెండు, కొత్త నేల మీద గీత పడనివ్వనందుకు ఒకటి, ఫోన్ చేసిన ప్రతిసారీ మనిషే ఎత్తినందుకు ఒకటి. పోయిన ఆ ఒక్కటీ ఎందుకు పోయిందో కింద రాశాను. ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు.

మేము అమెరికాలో ఏడేళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉండి, బిల్డర్ కడుతున్న ఇల్లు పునాది దశలో కొన్నాం. దూరం ఎంతో లేదు, అపార్ట్‌మెంట్ నుంచి ఇరవై నిమిషాలు. లీజు 2025 జూన్ 30తో అయిపోతుంది. క్లోజింగ్, అంటే సంతకాలు పెట్టి ఇల్లు మా పేరు మీదకి తెచ్చుకునే రోజు, జూన్ 13 శుక్రవారం అన్నారు. మా ఆయన వెంటనే ఒక ఎక్సెల్ షీటు తయారుచేశారు: శుక్రవారం సంతకాలు, శనివారం ట్రక్కు, ఆదివారం సర్దుకోవడం, సోమవారం ఆఫీసు. రంగులు కూడా వేశారు. ఆ షీటు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు చాలా నమ్మకంగా ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాం.

మూవర్స్ కోసం ముగ్గురితో మాట్లాడాను. మొదటాయన సామాను చూడకుండానే ఫోన్లో రేటు చెప్పేసి, సగం డబ్బు ముందే కట్టమన్నాడు. అక్కడితో ఆపేశాను. రెండోవాళ్లు చవక. కానీ తేదీ మారితే అడ్వాన్సు పోతుందన్నారు. మూడోవాళ్లు వీళ్లు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమన్నారు, అల్మారాలు తెరిపించారు, మంచం కింద ఏముందో కూడా చూశారు. చివర్లో కాల్‌లో మాట్లాడుతున్నావిడ ఒక ప్రశ్న వేసింది. "మీరు వెళ్లేది కొత్తగా కట్టిన ఇల్లా? క్లోజింగ్ అయిందా, ఇంకా అవ్వాలా?"

ఇంకా అవ్వాలి అన్నాను. "అయితే తేదీ మారుతుంది" అంది, వాన పడుతుంది అన్నంత మామూలుగా. 72 గంటల ముందు చెబితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని, అందుకు డబ్బేమీ కోయబోమని చెప్పింది. ఆ మాట ఒప్పందంలో ఎక్కడుందో చూపించమంటే పేజీ నంబరు చెప్పింది. రెండోవాళ్లకన్నా గంటకి కాస్త ఎక్కువే తీసుకుంటారు. అయినా వీళ్లనే ఖాయం చేసుకున్నాను. మా ఆయనకి నచ్చలేదు. "బిల్డర్ తేదీ ఇచ్చాడు కదా, ఎందుకు మారుతుంది?" అన్నారు.

మొదటిసారి మెట్ల రెయిలింగ్ వల్ల మారింది. సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి చివరి తనిఖీ పాస్ చేయలేదు. అది పాస్ కాకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు. అది లేనిదే మేము ఆ ఇంట్లో ఉండటానికి వీల్లేదు, లోన్ ఇచ్చే లెండర్ డబ్బు వదలడు. బిల్డర్ ఆఫీసులో అమ్మాయి ఫోన్ చేసి "ఒక్క వారమే" అంది. జూన్ 20 శుక్రవారానికి జరిగింది. నేను మూవర్స్‌కి ఫోన్ చేసి ట్రక్కును 14 నుంచి 21కి మార్పించాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

రెండోసారి జరిగినదానికి బిల్డర్ తప్పు లేదు, క్యాలెండర్‌దే. లోన్ తీసుకునేవాళ్లకి క్లోజింగ్ డిస్‌క్లోజర్ అనే కాగితాలు వస్తాయి: వడ్డీ ఎంత, నెలకి ఎంత కట్టాలి, ఆ రోజు చేతి నుంచి ఎంత పెట్టాలి అన్నీ అందులో ఉంటాయి. అవి అందాక మూడో బిజినెస్ రోజు వస్తేనే సంతకాలు. ఈ లెక్కలో శనివారం పనిదినమే, ఆదివారాలూ ఫెడరల్ సెలవులూ మాత్రం కలవవు. మాకు అవి మంగళవారం అందాయి. బుధవారం ఒకటి, గురువారం రెండు, శుక్రవారం మూడు అని మేమూ లెక్కపెట్టాం, లెండర్ ఆఫీసులో అబ్బాయీ అలాగే లెక్కపెట్టాడు. తీరా చూస్తే గురువారం జూన్ 19. జూన్‌టీన్త్, ఫెడరల్ సెలవు. కాబట్టి శుక్రవారం రెండో రోజే అయింది. మూడోది శనివారం, ఆ రోజు సంతకాలు చేయించే టైటిల్ కంపెనీ తెరవరు. ఇక సోమవారం 23నే.

ఇది తెలిసేసరికి మంగళవారం సాయంత్రం ఆరున్నర. ట్రక్కు శనివారం ఉదయం ఎనిమిదికి. 72 గంటల గడువు బుధవారం ఉదయం ఎనిమిదితో అయిపోతుంది. వేళ్ల మీద లెక్కపెట్టి ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు కూడా ఎత్తారు! అదే ఆవిడ. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే "ఎప్పటికి మార్చమంటారు?" అంది. మంగళవారం 24కి అన్నాను, అంటే సంతకాల మర్నాడే. ఆవిడ కాసేపు ఆగి, "మీ లీజు ఎప్పటిదాకా?" అని అడిగింది. 30 దాకా అని చెప్పగానే, "అయితే శనివారం 28 పెట్టుకోండి. మధ్యలో ఖాళీ ఇల్లు మీకు పనికొస్తుంది" అంది. తనకి మంగళవారం ట్రక్కు ఖాళీగానే ఉందట. అయినా ఆ సలహా ఇచ్చింది. రెండు స్టార్లలో ఒకటి ఈ మాటకే.

ఆ ఖాళీ రోజుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే షీటులో వీటికి ఒక్క గడి కూడా లేదు.

సోమవారం తాళాలు వచ్చాయి. మా ఇంటికి పెట్టిన తాళాల్లో ఒక తమాషా ఉంది: కట్టేటప్పుడు పనివాళ్లంతా వాడే తాళం చెవి ఒకటి ఉంటుంది, మన చెవి మొదటిసారి పెట్టి తిప్పగానే పాతది పనిచేయడం మానేస్తుంది. బిల్డర్ తరఫున పని చూసుకునే సూపరింటెండెంట్ మా చేతే తిప్పించి, తన చెవి పెట్టి చూపించాడు, తిరగలేదు. గ్యారేజి కోడ్ మాత్రం అలా మారదు, మనమే మార్చుకోవాలి. ఆ రాత్రే మార్చాం. కరెంటు ఆ రోజు నుంచి నా పేరు మీదకి వచ్చేలా ముందే పెట్టుకున్నాను కాబట్టి లైట్లు వెలిగాయి. ఇంటర్నెట్ సంగతి అడక్కండి, మా వీధికి ఇంకా లైను రాలేదు.

తర్వాత ఫోటోలు. ప్రతి గదిలో నాలుగు గోడలు, నేల, తలుపుల అంచులు, మెట్ల మలుపులు, వంటింటి గట్టు. మొత్తం రెండు వందలు దాటాయి. నాకు భయం ఏమిటంటే, సామాను దిగాక గోడ మీద గీత కనిపిస్తే బిల్డర్ "మీ మూవర్స్ చేశారు" అంటాడు, మూవర్స్ "బిల్డర్ అలాగే ఇచ్చాడు" అంటారు, మధ్యలో నేను. మా బిల్డర్ కాగితాల్లో స్పష్టంగా ఉంది: గీతలు, సొట్టలు, చిప్పలు లేచిన చోట్లు ఇంట్లోకి దిగకముందే చెప్పాలి, తర్వాత వాటికి పూచీ లేదు. క్లోజింగ్ ముందు ఇల్లంతా చూసుకునే వాక్‌త్రూలో, లోపం కనిపించిన చోటల్లా నీలం టేపు అంటించుకుంటూ తిరిగాం గానీ, అప్పుడు ఇంట్లో పనివాళ్ల నిచ్చెనలు, పెయింట్ డబ్బాలు, మా కంగారు. ఖాళీ ఇంట్లో సాయంత్రం వెలుగు పక్క నుంచి పడితే కనిపించేవి అప్పుడు కనిపించలేదు. ఇంకో పదకొండు దొరికాయి. ఆ రాత్రే ఈమెయిల్ పెట్టాను.

మిగతా రోజుల్లో ఏసీ ఫిల్టరు తీసి చూస్తే జిప్సం దుమ్ముతో తెల్లగా గట్టిపడి ఉంది, మార్చాం. కిటికీలకి తెరలేవీ ఉండవు కదా, పడగ్గదులకి కాగితం బ్లైండ్లు అంటించాం. ఫ్రిజ్ చోటు కొలిచాం. ప్రతి గది తలుపుకీ ఒక నంబరు, అదే నంబరు అట్టపెట్టెల మీద రాశాం. "వంటిల్లు", "పడగ్గది" అని రాస్తే, పైన ముగ్గురి పడగ్గదుల్లో ఎవరిదని అడుగుతూనే ఉంటారు.

ఇక 28వ తేదీ. ముగ్గురు మనుషులు, 26 అడుగుల ట్రక్కు. అపార్ట్‌మెంట్‌లో ఎక్కించడం చకచకా అయిపోయింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. ప్రొపేన్ సిలిండరు, మిగిలిన పెయింటు, బ్లీచు తాము తీసుకెళ్లబోమని ముందే చెప్పారు, అవి మా కారులో పెట్టుకున్నాం. బయల్దేరాక డ్రైవర్ నుంచి ఫోన్: మ్యాపులో మా వీధి లేదు. నేను ముందే పిన్ పంపాను, అది మెయిన్ రోడ్డు మీద ఆగిపోయింది. మలుపు దగ్గరికి వెళ్లి నిలబడి చెయ్యి ఊపాను.

పోయిన స్టారు కథ ఇక్కడ మొదలవుతుంది. వీధి నుంచి గ్యారేజికి వెళ్లే మా డ్రైవ్‌వేకి కాంక్రీటు జూన్ 12న పోశారు. అంటే 16 రోజులు. కాంక్రీటుకి చెప్పే బలాన్ని 28 రోజుల వయసులో లెక్కిస్తారు. కార్లు పర్వాలేదు గానీ, నిండు ట్రక్కును అప్పటిదాకా ఎక్కించొద్దని సూపరింటెండెంట్ చెప్పాడు. నాకు తెలుసు. మూవర్స్‌కి చెప్పాలని తట్టలేదు. వాళ్లూ అడగలేదు. మెట్లెన్ని, లిఫ్టు ఉందా, ట్రక్కు ఆగే చోటుందా అని వరసగా అడిగారు. "చోటుందా" అంటే "ఉంది" అన్నాను, డ్రైవ్‌వే కళ్లెదురుగా కనిపిస్తోంది కదా!

ట్రక్కు వీధిలో ఆగింది. ఎదురింటి దగ్గర మట్టి గుట్ట, పక్కింటి ముందు ఇటుకల ప్యాలెట్లు, దాంతో ఇంకాస్త దూరం. సోఫా నుంచి చెంచాల పెట్టె దాకా అన్నీ అక్కడి నుంచి తోపుడు బండి మీద. ఐదు గంటలని చెప్పిన పని ఏడున్నర గంటలు పట్టింది. గంటల లెక్కన బిల్లు కాబట్టి ఆ రెండున్నర గంటలూ మా నెత్తిన. పైగా 75 అడుగులు దాటి మోస్తే వేరే చార్జీ ఉందని కాగితం తీశారు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేసి "కొత్త ఇల్లని మీరే అడిగారు, తేదీ మారుతుందని మీరే చెప్పారు, కొత్త కాంక్రీటు సంగతి మీకు తెలియదా?" అన్నాను. దూరం చార్జీ తీసేశారు. గంటలు మాత్రం తగ్గించలేదు. సగం తప్పు నాది అని ఒప్పుకుంటాను, ఆ సగానికే డబ్బు కట్టాననుకుంటే బాగుండేది, మొత్తం కట్టాను.

లోపల మాత్రం పని చూస్తే ముచ్చటేసింది. గుమ్మం నుంచి మెట్ల దాకా మందపాటి పరుపులు పరిచారు, తలుపు అంచులకి దుప్పట్లు చుట్టారు, రెయిలింగ్‌కి కూడా చుట్టారు. బూట్లకి తొడుగులు, బయటికి వెళ్లినప్పుడల్లా తీసి, లోపలికి వచ్చినప్పుడల్లా వేసుకుని. అంత దూరం మోస్తూ కూడా ఆ ఓపిక వదల్లేదు.

సాయంత్రం మెట్ల మలుపులో గోడకి సొట్ట చూశాను. బొటనవేలంత. సరిగ్గా బీరువా తిప్పిన చోటు. ఆ ముగ్గురికి పెద్ద అయిన ఫోర్‌మన్‌ని పిలిచాను, నా గొంతు కాస్త గట్టిగానే ఉండి ఉంటుంది. ఆయన చూసి "ఇది మాది కాదు" అన్నాడు. అందరూ అదే అంటారు అనుకుని సోమవారం నాటి ఫోటోలు తెరిచాను, ఆయనకి చూపించి నోరు మూయిద్దామని. 143వ ఫోటోలో ఆ సొట్ట ఉంది. నా పదకొండులో రాయడం మర్చిపోయిన పన్నెండోది. ఫోటో మీద తేదీ ఉంది కాబట్టి బిల్డర్ మాట్లాడకుండా సరిచేయించాడు. ఫోర్‌మన్‌కి నేను సారీ చెప్పాను, ఆయన నవ్వి, వాళ్లు నిజంగా పాడుచేసినది తనే తెచ్చి చూపించాడు: గాజు బల్ల ఒక మూల పగిలింది. నేను సంతకం పెట్టకముందే కాగితం మీద రాశాడు.

దానికి ఎంత వచ్చిందంటే, 27 డాలర్లు. తమాషా కాదు. రాష్ట్రాలు దాటే షిఫ్టింగులకి ఫెడరల్ నిబంధనల్లో రెండు రకాల పూచీ ఉంటుంది. పూర్తి విలువది ఒకటి, దానికి డబ్బు కట్టాలి. అదనంగా ఏమీ కట్టనక్కరలేనిది రెండోది, అందులో వస్తువు బరువును బట్టి పౌండుకి 60 సెంట్లే. మాది ఊళ్లో షిఫ్టింగే అయినా కంపెనీ ఆ పౌండు లెక్కే ఒప్పందంలో రాసుకుంది, నేను చదివే సంతకం పెట్టాను. బల్ల 45 పౌండ్లు. దీనికి స్టారు తగ్గించలేదు. ఆ లెక్కన తేలికైన వస్తువు ఖరీదైనదైతే నష్టం మనదే అని తెలుసు కాబట్టి లాప్‌టాపులు, టీవీ మా కారులోనే తెచ్చుకున్నాం. మూడు వారాల్లో చెక్కు వచ్చింది.

తాళాలు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు, తేదీ ఇక మారదని తెలిసినవాళ్లు వీళ్లకి ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు, రెండోవాళ్లలాంటి చవక మూవర్స్ చాలు. క్లోజింగ్ ఇంకా బిల్డర్ నోట్లోనే ఉంటే మాత్రం వీళ్లలా తేదీ మార్చుకోనిచ్చేవాళ్లనే చూసుకోండి. డ్రైవ్‌వే వయసు మీరే చెప్పండి, వాళ్లు అడగరు.